మొదటి సుదూర ట్రెయిల్ ఏది? అమెరికాలో ఐదు బాటలు, వాటిలో మీకు సరిపోయేది

జనవరి రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఈ వేసవిలో జాన్ మ్యూర్ ట్రెయిల్ వెళ్దామనుకుంటున్నా. పర్మిట్‌కి అప్లై చేసేయనా?" అడిగేవాళ్ళలో ఎక్కువమంది ఒకటి రెండు రాత్రులు టెంట్‌లో పడుకున్నవాళ్ళు, శని ఆదివారాల్లో పది మైళ్ళు హుషారుగా నడిచేవాళ్ళు. వాళ్ళని నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. చేతిలో ఎన్ని రోజుల సెలవుంది? పదో రోజున మోకాలు పట్టేస్తే ఏ దారిన దిగిపోతావు? మొదటిదానికి జవాబు వెంటనే వస్తుంది. రెండోదాని గురించి చాలామంది ఆలోచించి ఉండరు.

మొదట కాలిఫోర్నియాలో, ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటూ తొమ్మిదేళ్ళలో నేను ఐదు ట్రెయిళ్ళు నడిచాను. టాహో రిమ్, వండర్‌ల్యాండ్, లాంగ్ ట్రెయిల్ పూర్తిగా. జాన్ మ్యూర్ రెండు విడతల్లో. కొలరాడో సగమే. ఈ నడకలన్నీ అయ్యాక నాకు బాగా నమ్మకం కుదిరిన మాట ఒకటుంది: మొదటి ట్రెయిల్‌ని ఎంచుకునేటప్పుడు మధ్యలో దిగిపోయే దారులు ఎన్నున్నాయో ముందు లెక్కపెట్టుకోవాలి. ఫోటోలు తర్వాత చూసుకోవచ్చు. మొదటి పది రోజుల్లో కాళ్ళు, భుజాలు, కడుపు, నిద్ర ఏదో ఒకటి మొరాయిస్తుంది. ఏ ట్రెయిల్ మీదైనా అంతే. అప్పుడు రోడ్డు సగం రోజు నడకలో ఉండటం వేరు, నాలుగు రోజుల నడకలో ఉండటం వేరు.

## ముందు ఏవి చూసుకోవాలి

సెలవు. అమెరికాలో ఉద్యోగం చేసే మనలో చాలామందికి ఏడాదికి 15 పనిదినాల సెలవు. అందులో సగం ఇండియా ప్రయాణానికి దాచుకుంటాం. ఈ ఏడాది ఇండియా మానేసి మొత్తం 15 రోజులూ ట్రెయిల్‌కే పెట్టారనుకుందాం. ముందూ వెనకా వచ్చే శని ఆదివారాలతో కలిపి 23 రోజులు. రాకపోకలకి రెండు, మధ్యలో విశ్రాంతికి రెండు తీసేస్తే నడకకి మిగిలేవి 19. బరువైన బ్యాగుతో మొదటిసారి నడిచేవాళ్ళు రోజుకి సగటున 10, 11 మైళ్ళు నడవగలరు. అంటే మొత్తం 200 మైళ్ళు, కొంచెం అటూ ఇటూ. జాన్ మ్యూర్ పొడవు 211 మైళ్ళు. బాట ముగిసే విట్నీ శిఖరం దిగడానికి ఇంకో 11. మీ సెలవంతా పెట్టినా అది బొటాబొటిగా కూడా సరిపోదన్నమాట.

దిగే దారులు. రెండు రోడ్ల మధ్య ఎన్ని రోజుల నడక ఉందన్నది చూడండి. మ్యాప్‌లో మైళ్ళు తక్కువగా కనిపించినా మధ్యలో రెండు కనుమలు ఉంటే రోజులు పెరిగిపోతాయి.

పర్మిట్. కొన్నింటికి ఆరు నెలల ముందే లాటరీ వేయాలి. కొన్నింటికి అసలు ఏమీ అక్కర్లేదు. సెలవు ఎప్పుడు దొరుకుతుందో ముందే చెప్పలేని ఉద్యోగమైతే ఇదొక్కటి చాలు, సగం ట్రెయిళ్ళు జాబితాలోంచి పోతాయి.

సరుకులు, నీళ్ళు. ఒక మనిషికి రోజుకి 700 నుంచి 900 గ్రాముల తిండి మోయాలి. నాలుగు రోజులకోసారి సరుకులు దొరికితే మూడున్నర కిలోలు చాలు. పది రోజులదైతే ఎనిమిది కిలోలు. మోకాళ్ళకి ఆ తేడా బాగా తెలుస్తుంది.

వాతావరణం. మంచు, బురద, పిడుగులు, పొగ. ఒక్కో ట్రెయిల్‌కి ఒక్కో శత్రువు.

| | టాహో రిమ్ | వండర్‌ల్యాండ్ | జాన్ మ్యూర్ | లాంగ్ ట్రెయిల్ | కొలరాడో |
|---|---|---|---|---|---|
| ఎక్కడ | కాలిఫోర్నియా, నెవాడా | వాషింగ్టన్ | కాలిఫోర్నియా | వెర్మాంట్ | కొలరాడో |
| పొడవు | సుమారు 170 మైళ్ళు | 93 మైళ్ళు | 211 మైళ్ళు | 272 మైళ్ళు | 486 మైళ్ళు |
| మామూలు నడకకి రోజులు | 11–14 | 9–12 | 18–22 | 20–28 | 30–42 |
| అతి ఎత్తైన చోటు | 10,338 అడుగులు | 6,800 అడుగులు | 14,505 అడుగులు | 4,393 అడుగులు | 13,271 అడుగులు |
| పర్మిట్ | కొంత భాగానికి | లాటరీ | లాటరీ, గట్టి పోటీ | అక్కర్లేదు | సులువు |
| ఒకేసారి మోయాల్సిన తిండి | 3–5 రోజులది | 3–4 రోజులది | చివరి భాగంలో 8–10 రోజులది | 3–5 రోజులది | 4–7 రోజులది |
| మధ్యలో దిగిపోవడం | చాలా తేలిక | ఫరవాలేదు | కష్టం | తేలిక | చోటుని బట్టి |
| మంచి నెలలు | జులై–సెప్టెంబరు | జులై చివర–సెప్టెంబరు | జులై–సెప్టెంబరు | జూన్ చివర–అక్టోబరు మొదలు | జులై–సెప్టెంబరు |

## టాహో రిమ్: మొదటిసారికి నా ఓటు

టాహో సరస్సు చుట్టూ కొండల అంచు మీదుగా తిరిగే వలయం ఇది. 2001లో పూర్తయింది. వలయం కావడం వల్ల కారు ఎక్కడ పెట్టారో అక్కడికే తిరిగొస్తారు, వెనక్కి రావడానికి ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు. బే ఏరియా నుంచి నాలుగు గంటల డ్రైవ్. బ్రాక్‌వే సమిట్, మౌంట్ రోజ్ హైవే, స్పూనర్ సమిట్, కింగ్స్‌బరీ, బిగ్ మెడో, ఎకో లేక్స్, బార్కర్ పాస్... ఇన్ని చోట్ల కారు రోడ్డు తగులుతుంది. ఒక రోడ్డు నుంచి ఇంకో రోడ్డుకి ఎక్కువలో ఎక్కువ మూడు రోజులు.

దీని విలువ నాకు స్పూనర్ సమిట్ దగ్గర తెలిసింది. నా బూట్లు మామూలుగా వేసుకునే సైజువే. షాపులో అటూ ఇటూ నడిచి చూసుకుని కొన్నాను, సరిగ్గా సరిపోయాయి. కానీ రోజంతా బరువుతో నడిస్తే పాదాలు ఉబ్బుతాయన్న సంగతి నాకెవరూ చెప్పలేదు. నాలుగో రోజుకి రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లబడ్డాయి. ఆరో రోజు పొద్దున్న మేజోడు తీస్తుంటే చిటికెన వేలి పక్క తోలు దానితోపాటే వచ్చేసింది. ఆ రోజు మధ్యాహ్నానికి స్పూనర్ రోడ్డు చేరాను. అక్కడి నుంచి కార్సన్ సిటీ కారులో పావుగంట. ఒక సైజు పెద్ద బూట్లు కొన్నాను, ఒక రాత్రి మోటెల్‌లో పడుకుని, పాదాలు ఆరబెట్టుకుని, మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ అదే చోట నడక మొదలుపెట్టాను. పోయింది ఒక్క రోజు. ఆరు రోజుల తర్వాత టాహో సిటీలో నా కారు దగ్గరికి నడిచే వచ్చాను.

దీని కష్టం నీళ్ళు. తూర్పు వైపు, అంటే నెవాడా వైపు, వేసవి చివర చాలా పొడిగా ఉంటుంది. నాలుగైదు లీటర్లు మోయాల్సిన రోజులు ఉంటాయి. మార్లెట్ పీక్ క్యాంపు దగ్గర చేతి బోరింగు ఒకటుంది. మన ఊళ్ళో బడి దగ్గర ఉండే లాంటిదే. ఎండలో పది మైళ్ళు నడిచొచ్చి దాన్ని కొడుతుంటే చన్నీళ్ళు బుడబుడమని పడిన ఆ నిమిషం నాకు ఇంకా గుర్తుంది. అక్కడ కావలసినన్ని నింపుకుని కదలండి. ముందు రోజు ఎవరో "నీళ్ళు ఉన్నాయి" అన్న ఊట మీరు వెళ్ళేసరికి ఎండిపోయి ఉండొచ్చు.

డెసొలేషన్ అడవి భాగానికి పర్మిట్ కావాలి. కాలిఫోర్నియాలో స్టవ్ వెలిగించాలంటే ఉచితంగా దొరికే క్యాంప్‌ఫైర్ పర్మిట్ కూడా తీసుకోవాలి. బేర్ కానిస్టర్, అంటే ఎలుగుబంటి తెరవలేని గట్టి ప్లాస్టిక్ డబ్బా, తప్పకుండా ఉండాలి. ఆగస్టు రెండో సగం నుంచి కార్చిచ్చు పొగ సమస్య. 2021లో కాల్డర్ కార్చిచ్చు సరస్సు దక్షిణం దాకా వచ్చింది, ట్రెయిల్ కొంత మూసేశారు. అందుకే జులై రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం లోపల వెళ్ళమంటాను.

## జాన్ మ్యూర్: అందరూ కోరుకునేది, మొదటిసారికి వద్దనేది

యోసెమిటీ లోయ నుంచి మౌంట్ విట్నీ శిఖరం దాకా. విట్నీ 14,505 అడుగులు. అలాస్కాని పక్కన పెడితే అమెరికాలో అంతకన్నా ఎత్తైన శిఖరం లేదు. 1915లో మొదలైన ఈ బాట పని 1938కి పూర్తయింది. అందం గురించి నేను చెప్పేదేమీ లేదు. ఈవల్యూషన్ లోయలో సాయంత్రం ఆరు గంటల వెలుతురు చూసినవాళ్ళకి మాటలు అక్కర్లేదు, చూడనివాళ్ళకి మాటలు చాలవు.

కష్టం మాత్రం చెప్పాలి. మొత్తం ఎక్కే ఎత్తు 14 వేల మీటర్లకి పైనే. ఇరవై రోజులకి పంచితే రోజుకి 700 మీటర్లు. అలిపిరి నుంచి తిరుమలకి ఎక్కే ఎత్తు కూడా సుమారుగా అంతే. అంటే 15 కిలోల బరువుతో రోజూ ఒకసారి నడక దారిన తిరుమల ఎక్కడం, అదీ గాలి పలచగా ఉన్న చోట. అందులో సగం రోజులు ఎక్కినంతా దిగాలి కూడా. ఎక్కడం ఊపిరిని పరీక్షిస్తుంది, దిగడం మోకాళ్ళని.

ఉత్తర సగం ఫరవాలేదు. టుయోలమ్ మెడోస్, రెడ్స్ మెడో, వర్మిలియన్ వ్యాలీ రిసార్ట్, మ్యూర్ ట్రెయిల్ రాంచ్ లాంటి సరుకులు తీసుకునే మజిలీలు ఉన్నాయి. రాంచ్‌కి సరుకులు ముందే పెద్ద ప్లాస్టిక్ బకెట్‌లో పోస్ట్ చేసుకోవచ్చు, కాస్త ఖర్చవుతుంది. ఆ రాంచ్ దాటాక మాత్రం విట్నీ దాకా వంద మైళ్ళకి పైగా బాట మీద దుకాణం లేదు, రోడ్డు లేదు. మ్యూర్, మేథర్, పిన్‌చో, గ్లెన్, ఫారెస్టర్... వరుసగా కనుమలు. ఫారెస్టర్ 13,153 అడుగులు. మధ్యలో బయటపడాలంటే కియర్‌సార్జ్ కనుమ మీదుగా ఆనియన్ వ్యాలీ రోడ్డుకి ఏడున్నర మైళ్ళు పక్కదారి పట్టాలి. సరుకుల కోసం వెళ్ళినా అంతే, మళ్ళీ అంత దూరమూ వెనక్కి రావాలి.

నా మోకాలు మేథర్ కనుమ దిగుతుండగా పట్టేసింది. ఎక్కేటప్పుడు ఏమీ లేదు. దిగువకి రాయి మీంచి రాయి మీదకి అడుగు వేసిన ప్రతిసారీ చిప్ప కింద సూది గుచ్చినట్టు. అప్పటికి 150 మైళ్ళు అయ్యాయి. టెంట్ వేసుకుని మ్యాప్ పరిచి చూస్తే, నాకు తెలిసిన మంచి దారిన దగ్గర్లో ఉన్న రోడ్డు దాదాపు 35 మైళ్ళు. మధ్యలో పిన్‌చో, గ్లెన్, ఆ పైన కియర్‌సార్జ్. మోకాలికి గుడ్డ కట్టుకుని, రెండు కర్రల మీద బరువు మోపుకుంటూ నాలుగు రోజులు నడిచాను. రోజుకి నాలుగు మాత్రలు. దారిలో కలిసిన ఇద్దరు ఒహాయో అమ్మాయిలు నా తిండి డబ్బా ఒక పూట మోశారు, ఆ మేలు మర్చిపోలేను. ఆనియన్ వ్యాలీ పార్కింగ్ కనబడగానే అక్కడే రాయి మీద కూర్చుండిపోయాను. మిగిలిన యాభై మైళ్ళు రెండేళ్ళ తర్వాత వెళ్ళి పూర్తి చేశాను.

స్పూనర్ దగ్గర పాదం పాడైతే పోయింది ఒక రోజు. ఇక్కడ మోకాలు పట్టేస్తే నాలుగు రోజుల నరకం, రెండేళ్ళ విరామం. మనిషిని నేనే, బ్యాగూ అదే. మొదటిసారి వాళ్ళకి జాన్ మ్యూర్ వద్దని నేను అనడానికి కారణం ఇదే.

పర్మిట్ సంగతి. యోసెమిటీ నుంచి బయలుదేరాలంటే 24 వారాల ముందు లాటరీ. 60 శాతం పర్మిట్లు అందులో పోతాయి, మిగతా 40 శాతం బయలుదేరే తేదీకి వారం ముందు వదులుతారు. విట్నీ వైపు నుంచి మొదలుపెడదామంటే దానికి వేరే లాటరీ. పైగా 8,360 అడుగుల దగ్గర మొదలై మొదటి రెండు మూడు రోజుల్లోనే పదమూడు వేలు దాటాలి, ఒంటికి అలవాటు పడే టైం ఉండదు. యోసెమిటీ వైపు నుంచి అయితే నాలుగు వేల అడుగుల దగ్గర మొదలై మెల్లగా ఎత్తుకి అలవాటు పడతారు. మంచు ఎక్కువ పడిన ఏడాది తర్వాత జులైలో వాగులు దాటడం ప్రమాదం. 2023 అలాంటి ఏడాదే. అలాంటప్పుడు ఆగస్టు చివరకి జరుపుకోండి.

## లాంగ్ ట్రెయిల్: తూర్పు తీరం వాళ్ళకి

ఎడిసన్‌లోనో, బోస్టన్‌లోనో ఉంటూ మూడు వేల మైళ్ళు విమానంలో వెళ్ళి నడిచేవాళ్ళకి ఇంటి దగ్గరే ఇది ఉందని తెలియదు. వెర్మాంట్ రాష్ట్రం పొడవునా, మసాచుసెట్స్ సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా 272 మైళ్ళు. అమెరికాలో సుదూర నడక బాటల్లో ఇదే మొదటిది. గ్రీన్ మౌంటెన్ క్లబ్ 1910లో మొదలుపెట్టి 1930కి పూర్తి చేసింది. దక్షిణాన వంద మైళ్ళు అప్పలాచియన్ ట్రెయిల్‌తో కలిసి నడుస్తుంది.

పర్మిట్ లేదు. రెండు మూడు రోజులకో రోడ్డు తగులుతుంది, రోడ్డు వెంట వెళ్తే ఊరు. మాంచెస్టర్, రట్లాండ్, వెయిట్స్‌ఫీల్డ్, జాన్సన్ లాంటి చిన్న ఊళ్ళు. బాట పొడవునా డెబ్భై దాకా రాత్రి బస చేసే చోట్లు ఉన్నాయి, చాలావాటిలో మూడు గోడల చెక్క పాక ఉంటుంది. నాలుగో వైపు తెరిచే ఉంటుంది. వాన పడుతున్న సాయంత్రం అలాంటి పాకలో ముక్కూ ముఖం తెలియని ఏడెనిమిది మంది పక్కపక్కన సర్దుకుని పడుకుంటారు. చూరు నుంచి దూలం దాకా తాళ్ళు కట్టి తడి మేజోళ్ళు ఆరేస్తారు. తిండి సంచులు వేలాడే తాళ్ళకి మధ్యలో ఖాళీ టిన్ను డబ్బా బోర్లించి గుచ్చి ఉంటుంది, ఎలుకలు దిగకుండా. పాకలో ఒక నోట్ బుక్ ఉంటుంది. ముందు వెళ్ళినవాళ్ళు ఏ ఊట ఎండిందో, ఏ చోట చెట్టు కూలిందో రాసిపెడతారు. ఒంటరిగా వెళ్ళడానికి భయపడేవాళ్ళకి, ముఖ్యంగా అమ్మాయిలకి, నేను ఈ ట్రెయిల్ గట్టిగా చెబుతాను. రోజంతా ఒంటరిగా నడిచినా రాత్రికి మనుషులు ఉంటారు.

ఎత్తు తక్కువ కదా అని తేలిగ్గా తీసుకుంటే దెబ్బ తింటారు. పడమటి ట్రెయిళ్ళని గుర్రాలు నడిచేలా మెలికలు తిప్పి వేశారు. ఇక్కడి బాట తిన్నగా పైకి పోతుంది. వేళ్ళు, నాచు పట్టిన రాళ్ళు, బురద. మౌంట్ మాన్స్‌ఫీల్డ్ మీద నిచ్చెనలు ఎక్కాలి, వాన పడుతుంటే వాటి దగ్గర ఆగిపోవడమే మంచిది. టాహోలో 15 మైళ్ళు నడిచిన నేను ఇక్కడ ఉత్తర సగంలో 9 మైళ్ళకి చీకటి పడే దాకా నడిచాను. మే చివరి దాకా మంచు కరిగిన బురద కాలం. బాట పాడవుతుందని ఆ రోజుల్లో రావద్దని క్లబ్బే అడుగుతుంది. జూన్‌లో నల్ల ఈగలు. సెప్టెంబరు మంచి నెల: దోమలు తగ్గి, ఆకులు ఎర్రబడటం మొదలవుతుంది. 2023 జులై వరదల్లాంటివి వచ్చినప్పుడు మాత్రం బాట వదిలి ఇంటికి రావడమే.

ఇంకో మేలు: ముక్కలు ముక్కలుగా నడిచినా క్లబ్ మిమ్మల్ని మొత్తం పూర్తి చేసినవాళ్ళ లెక్కలో వేస్తుంది, ఎన్నేళ్ళు పట్టినా సరే. పదిహేను రోజుల సెలవు మొత్తం ఒకేసారి పెట్టలేని పెళ్ళయినవాళ్ళకి, పిల్లలున్నవాళ్ళకి ఇంతకన్నా అనువైనది నాకు తెలియదు. ఈ ఏడాది ఐదు రోజులు, వచ్చే ఏడాది ఐదు రోజులు. వీసా మీద ఉన్నవాళ్ళు ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) ప్రతి ఒకటి దగ్గర పెట్టుకోండి. ఉత్తరం కొస కెనడా సరిహద్దు రాయి దగ్గర ఆగుతుంది. ఫోటో కోసం కూడా అవతలికి అడుగు వేయొద్దు.

## కొలరాడో: ఐదు వారాలు ఉంటేనే, లేదా మొదటి వంద మైళ్ళు

డెన్వర్ పక్క వాటర్టన్ కాన్యన్ నుంచి డురాంగో దాకా 486 మైళ్ళు. గూడీ గాస్కిల్ అనే ఆవిడ ఏళ్ళ తరబడి వలంటీర్లని కూడగట్టి, 1987లో పూర్తి చేయించింది. బాట సగటు ఎత్తు పది వేల అడుగుల పైన. అయితే మొదలు ఐదున్నర వేల దగ్గర కాబట్టి వారం రోజుల్లో ఒంటికి అలవాటవుతుంది. బాట వెడల్పుగా, సాఫీగా ఉంటుంది; అడవి రక్షిత భాగాల్లో తప్ప సైకిళ్ళు కూడా వస్తాయి. బాట విషయంలో ఐదింటిలో ఇదే హాయి.

భయం పిడుగులది. జార్జియా కనుమ మీద నాకు పదకొండు గంటలకి పడమట చిన్న దూదిపింజంత మబ్బు కనిపించింది. ఫోటో తీసుకుని, జీడిపప్పు నములుతూ పావుగంట కూర్చున్నాను. పన్నెండున్నరకి చెట్లలోకి దిగుతుండగా శనగ గింజలంత వడగళ్ళు. వెనక నేను కూర్చున్న చోట ఉరుములు. ఆ తర్వాత నుంచి నేను తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, మధ్యాహ్నం లోపు చెట్లు పెరిగే ఎత్తు కిందికి వచ్చేయడం నియమం పెట్టుకున్నాను. జులై, ఆగస్టుల్లో దాదాపు రోజూ ఇదే వరస.

ఐదు వారాల సెలవు ఎవరిస్తారు? ఉద్యోగం మారేటప్పుడు మధ్యలో వెళ్దామనో, జీతం లేని సెలవు పెడదామనో చాలామంది అడుగుతారు. గ్రీన్‌కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్ళకి ఇబ్బంది లేదు. హెచ్-1బీ మీద ఉంటే మాత్రం ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా జీతం లేని రోజు ఒక్కటి కూడా పెట్టుకోకండి. సెలవు లేనివాళ్ళకి మంచి ఉపాయం ఒకటుంది. వాటర్టన్ కాన్యన్ నుంచి బ్రెకెన్‌రిడ్జ్ పక్క హైవే దాకా మొదటి ఆరు భాగాలు సుమారు 104 మైళ్ళు. పది రోజులు చాలు. దిగాక ఊళ్ళోకి ఉచిత బస్సు ఉంది. డాలస్ వాళ్ళకి డెన్వర్ విమానం రెండు గంటలు. మొదటి పెద్ద నడకకి వాళ్ళకి నేను ఇదే చెబుతున్నాను.

## వండర్‌ల్యాండ్

సియాటిల్ వాళ్ళ ఇంటి ముందు కొండ రెయినీర్. దాని చుట్టూ 93 మైళ్ళ వలయం. రోజులు తక్కువ, సరుకులు రేంజర్ స్టేషన్లలో ముందే దాచుకోవచ్చు, బరువు తక్కువ. కానీ ప్రతి రాత్రి ఏ క్యాంపులో పడుకోవాలో పర్మిట్‌లోనే రాసి ఉంటుంది. వాన వచ్చినా, కాలు నొప్పి పెట్టినా ఆ రాత్రికి ఆ క్యాంపు చేరాలి. అది నాకు నచ్చని విషయం. పర్మిట్‌కి ఏడాది మొదట్లో లాటరీ ఉంటుంది, అది తగలకపోతే మిగిలిన తేదీల కోసం వెతుక్కోవాలి. 2025 ఏప్రిల్‌లో ఫెయిర్‌ఫాక్స్ వంతెన మూసేసినప్పటి నుంచి మోవిచ్ సరస్సు వైపు కారు దారి లేదు, అటు దిగిపోవచ్చన్న ధీమా పెట్టుకోకండి. పది రోజుల సెలవు, లాటరీలో అదృష్టం రెండూ ఉంటే తప్పక వెళ్ళండి.

## తిండి విషయం ఎంపికని మారుస్తుంది

శాకాహారులకి, మన తిండి లేకపోతే నాలుగో రోజుకే నీరసపడేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. జాన్ మ్యూర్ మీద పదిన్నర వేల అడుగుల దగ్గర సరస్సు ఒడ్డున నేను పెసరపప్పు ఉడికించబోయాను. అంత ఎత్తున నీళ్ళు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ముప్పావు గంట మరిగినా పప్పు పలుకు పలుకుగానే ఉంది, రెండు రోజుల గ్యాస్ అయిపోయింది. కుక్కర్ లేని చోట పప్పు, మామూలు బియ్యం మర్చిపోండి.

ఇప్పుడు నేను తీసుకెళ్ళేవి ఇవి. బొంబాయి రవ్వ నెయ్యిలో దోరగా వేయించి, ఆవాలు, మినప్పప్పు, జీడిపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు కలిపి, పూటకో జిప్ కవర్ చొప్పున కట్టుకున్న ఉప్మా. మరిగే నీళ్ళు పోసి, మూత పెట్టి, టోపీ కప్పి పది నిమిషాలు వదిలేస్తే చాలు. అటుకులు, పులిహోర పొడి. వేడినీళ్ళలో నానే ఇన్‌స్టంట్ రైస్, కందిపొడి, చిన్న సీసాలో నెయ్యి. నెయ్యి వంద గ్రాములకి తొమ్మిది వందల కేలరీలు. బరువుకి తగ్గ బలం ఇచ్చేది దానికన్నా ఏమీ లేదు. రాత్రికి చారుపొడి, చింతపండు పొడి కలిపిన వేడి చారు ఒక గ్లాసు. చలిలో అది తాగాక నిద్ర పట్టే తీరే వేరు. ఆవకాయ తీసుకెళ్తే నూనె వంపేసి, రెండు కవర్లలో చుట్టి, తప్పకుండా కానిస్టర్ లోపలే పెట్టండి. టూత్‌పేస్ట్, సబ్బు కూడా అందులోనే. ఏడు రోజుల తిండి పట్టే డబ్బా 11 లీటర్ల పైన ఉంటుంది, ఖాళీగానే కిలోకి మించి తూగుతుంది.

లాంగ్ ట్రెయిల్, కొలరాడోల్లో ఈ పొట్లాలు ముందే ఊరి పోస్టాఫీసుకి జనరల్ డెలివరీ కింద, అంటే మనమే వెళ్ళి తీసుకునేలా, మన పేరుకే పంపుకోవచ్చు. పోస్టాఫీసు చాలా ఊళ్ళలో శనివారం తొందరగా మూసేస్తుంది, ఆదివారం ఉండదు. ఊరు చేరే రోజు చూసుకుని లెక్క వేసుకోండి. జాన్ మ్యూర్ మీద రాంచ్ బకెట్‌లో ఎనిమిది, తొమ్మిది రోజులది సర్దాలి. అది డబ్బాలో పట్టేలా చేయడమే పెద్ద పని.

## ఎవరికి ఏది

రెండు వారాల సెలవు, పడమటి తీరం, మొదటిసారి: టాహో రిమ్. ఆలోచించక్కర్లేదు.

తూర్పున ఉండి సెలవు ముక్కలుగా దొరికేవాళ్ళకి, ఒంటరిగా వెళ్ళాలనుకునే అమ్మాయిలకి, పర్మిట్ల టెన్షన్ వద్దనుకునేవాళ్ళకి లాంగ్ ట్రెయిల్. వానకి విసుక్కునే స్వభావమైతే మాత్రం వద్దు. ఇరవై నాలుగు రోజుల్లో నాకు పదకొండు రోజులు వాన పడింది.

టెక్సాస్, మధ్య రాష్ట్రాల వాళ్ళకి కొలరాడో మొదటి 104 మైళ్ళు. యాభై దాటినవాళ్ళకి కూడా ఇదే మంచిది, బాట మోకాళ్ళని కనికరిస్తుంది. గుండె, బీపీ సమస్యలుంటే ఆ ఎత్తుకి వెళ్ళే ముందు డాక్టర్‌తో మాట్లాడాలి.

ఒక ట్రెయిల్ పది రోజులకి తక్కువ కాకుండా నడిచినవాళ్ళకి, పాదాలూ మోకాళ్ళూ ఏ రోజున ఏమంటాయో తెలిసినవాళ్ళకి జాన్ మ్యూర్. నాలుగు వారాలు దొరికితేనే మొత్తం పెట్టుకోండి. మూడే ఉంటే యోసెమిటీ నుంచి వర్మిలియన్ వ్యాలీ దాకా ఉత్తర సగం నడిచి దిగిపోండి.

ఏది ఎంచుకున్నా ఇంట్లోవాళ్ళ గురించి ఒక మాట. హైదరాబాద్‌లో అమ్మకి రెండు రోజులు మెసేజ్ లేకపోతే నిద్ర పట్టదు. ఫోన్ సిగ్నల్ లేని చోట కూడా ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరం కొనుక్కోండి, లేదా అద్దెకి తీసుకోండి. నేను రోజూ సాయంత్రం "టెంట్ వేశాను, తిన్నాను" అని పంపుతాను. మోకాలు పట్టేసిన నాలుగు రోజులూ అదే పంపాను. దిగాక ఫోన్‌లో అసలు సంగతి చెప్పాను.

జాన్ మ్యూర్‌కే మనసు పడితే ఆగస్టు 1న బయలుదేరడానికి లాటరీ ఫిబ్రవరి మధ్యలో పడుతుంది. జనవరిలోనే ఆఫీసులో సెలవు అడిగి, లాటరీ వేసి ఉంచండి. ఈలోగా ఒక శని ఆదివారం పూర్తి బరువుతో, ఎనిమిది రోజుల తిండి డబ్బాతో సహా, రోజుకి పది మైళ్ళు నడిచి చూడండి. లాటరీ తగలకపోతే అదే సెలవు, అదే డబ్బా, అవే ఉప్మా పొట్లాలు టాహోకి సరిపోతాయి. బూట్లు మాత్రం ఒక సైజు పెద్దవి కొనండి.